పార్టులన్నీ మంచివే, కలిపితేనే డిస్‌ప్లే రాదు

ఐ5 12400ఎఫ్ ప్రాసెసర్, హెచ్610 డీడీఆర్4 మదర్‌బోర్డు, 16 జీబీ డీడీఆర్5 ర్యామ్, 500 జీబీ ఎన్వీఎంఈ ఎస్ఎస్‌డీ, కేబినెట్‌తో పాటే వచ్చే 450 వాట్ ఎస్ఎంపీఎస్ (పీసీకి పవర్ ఇచ్చే డబ్బా), గ్రాఫిక్స్ కార్డు మాత్రం జీతం పడినాక. మన అనంతపురం పిల్లోళ్లు వాట్సాప్‌లో పంపే లిస్టులు ఇట్లే ఉంటాయి. ఒక్కో పార్టు విడిగా చూస్తే వంక పెట్టేదానికి లేదు, రేటు కూడా బాగానే వెతికి పట్టుకోనుంటారు, కానీ ఈ లిస్టు తెచ్చి బిగిస్తే డీడీఆర్5 ర్యామ్ డీడీఆర్4 స్లాట్లోకే దిగదు, సరే అని ర్యామ్ మార్చుకున్నా స్క్రీన్ మీద ఏమీ రాదు, ఎందుకంటే ఆ ప్రాసెసర్ పేరు చివర ఎఫ్ అని ఉంటే లోపల గ్రాఫిక్స్ లేనట్టే, కార్డు కొనేదాకా అది ఉత్త డబ్బానే.

ఇది బెంగళూరులో ఉండేవాళ్లకి పెద్ద సమస్య కాదు, సాయంత్రం పోయి మార్చుకోనొస్తారు. మనకి మన ఊరి అంగళ్లలో కీబోర్డు, ర్యామ్, ఎస్ఎస్‌డీ లాంటివి దొరుకుతాయి గానీ అడిగిన మోడల్ బోర్డు కావాలంటే ఎక్కువమంది బెంగళూరు ఎస్పీ రోడ్డుకే పోతారు, కర్నూలోళ్లు సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో సీటీసీకి పోతారు, కడప పక్కోళ్లు కొందరు చెన్నై రిచీ స్ట్రీట్‌కి. అనంతపురం నుంచి బెంగళూరు 200 కిలోమీటర్ల పైనే, రాత్రి ఇంటికొచ్చి సీల్ విప్పినాక పట్టలేదని తెలిస్తే మల్ల ఒక రోజు పాయె, బస్సు ఛార్జీలు పాయె, సీల్ విప్పిన సరుకు వాపస్ తీసుకోమంటే అంగడాయన ఒప్పుకుంటాడనే నమ్మకమూ లేదు. అందుకే దుడ్లు కట్టకముందే ఇంట్లో కూర్చోని ఏది దేనితో కలుస్తాదో చూసుకోవాల. పార్టు మంచిదా అని కాదు అడగాల్సింది, పక్క పార్టుతో కూడుతుందా అని. దానికి ఒక వరస ఉంది.

మొదట ప్రాసెసర్, బోర్డు

ఈ రెండిటికీ సాకెట్, అంటే బోర్డు మీద ప్రాసెసర్ కూర్చునే గూడు, ఒకటే కావాల. ఇంటెల్‌లో 12, 13, 14 జెనరేషన్లకి ఎల్‌జీఏ 1700, 2024లో వచ్చిన కోర్ అల్ట్రా 200 సిరీస్‌కి ఎల్‌జీఏ 1851, పాత 10, 11 జెనరేషన్లకి ఎల్‌జీఏ 1200. ఏఎండీలో రైజెన్ 1000 నుంచి 5000 దాకా ఏఎం4, 7000, 8000, 9000 సిరీస్‌లకి ఏఎం5. ఇంతవరకు యూట్యూబ్ చూసే ప్రతి పిల్లోడికీ తెలుసు, మోసమొచ్చేది యాడంటే సాకెట్ పేరు కలిసినా పని చేయని చోట. ఎల్‌జీఏ 1151నే తీసుకోండి, 6, 7 జెనరేషన్లకీ అదే పేరు, 8, 9 జెనరేషన్లకీ అదే పేరు, చిప్ పెడితే చక్కగా కూర్చుంటాది కూడా, కానీ 6, 7కి చేసిన హెచ్110 బోర్డులో 8వ జెనరేషన్ ఐ5 8400 పెడితే ఆన్ కాదు. సెకండ్ హ్యాండ్‌లో బోర్డొక చోట, ప్రాసెసరొక చోట కొనేవాళ్లు ఎక్కువ ఇరుక్కునేది ఇక్కడే.

రెండోది బయోస్, అంటే ఆన్ చేయగానే మొదట నడిచే బోర్డు లోపలి సాఫ్ట్‌వేర్. బీ450 బోర్డులు వచ్చినప్పుడు రైజెన్ 5600 ఇంకా పుట్టలేదు, అట్లే బీ660 వచ్చినప్పుడు 13వ జెనరేషన్ లేదు, బీ650 వచ్చినప్పుడు రైజెన్ 9000 లేదు. ఇవన్నీ కలుస్తాయి, కాకపోతే బయోస్ అప్‌డేట్ చేసినాకే కలుస్తాయి, అంగట్లో ఏడాదిగా దుమ్ము పట్టిన స్టాక్ మీకిస్తే అందులో పాత బయోసే ఉంటాది, కొత్త ప్రాసెసర్ పెడితే ఫ్యాన్ తిరుగుతాది, డిస్‌ప్లే రాదు, మీరు ప్రాసెసర్ కాలిపోయిందనుకోని భయపడతారు. బోర్డు కంపెనీ వెబ్‌సైట్లో ఆ మోడల్ పేజీలో సీపీయూ సపోర్ట్ లిస్ట్ అని ఉంటాది, అందులో మీ ప్రాసెసర్ పేరు పక్కనే ఏ బయోస్ వర్షన్ నుంచి పని చేస్తాదో రాసి ఉంటారు. ఐదు నిమిషాల పని. బోర్డు పేరు మాత్రం పూర్తిగా, చివర ఉండే రివిజన్ నంబర్‌తో సహా చూడాల. వెనక బయోస్ ఫ్లాష్‌బ్యాక్ బటన్ ఉన్న బోర్డైతే ప్రాసెసర్ లేకుండానే పెన్‌డ్రైవ్‌తో అప్‌డేట్ చేసుకోవచ్చు, పెన్‌డ్రైవ్ ఫ్యాట్32లో ఫార్మాట్ చేసి, ఫైల్ పేరు మాన్యువల్‌లో చెప్పినట్టే మార్చాల. ఆ బటన్ లేకపోతే బిల్లు వేయించకముందే అంగట్లో అప్‌డేట్ చేసిమ్మని చెప్పండి, వాళ్ల దగ్గర పాత ప్రాసెసర్ ఒకటి ఉంటాది.

13, 14 జెనరేషన్ ఐ7, ఐ9 తీసుకునేవాళ్లకి బయోస్ ఇంకో కారణానికి కూడా ముఖ్యం. ఆ చిప్‌లలో వోల్టేజ్ ఎక్కువై మెల్లగా పాడైపోయే సమస్య ఉందని 2024లో ఇంటెలే ఒప్పుకుంది, మైక్రోకోడ్ (చిప్‌ని నడిపే లోపలి కోడ్) అప్‌డేట్లు ఇచ్చింది, అవి బయోస్‌తోనే వస్తాయి. సెకండ్ హ్యాండ్ 13900కే చవగ్గా దొరికిందంటే అది ఎన్ని రోజులు పాత బయోస్‌తో నడిచిందో మీకు తెలీదు, నేనైతే ముట్టుకోను.

ఇంకొకటి, సపోర్ట్ లిస్టులో పేరుంది కదా అని హెచ్610 బోర్డు మీద ఐ7 14700కే పెట్టొద్దు. ఆ చిప్ ఫుల్ లోడ్‌లో 253 వాట్ల దాకా లాగుతాది, చవక బోర్డులో పవర్ ఇచ్చే సర్క్యూట్లకి హీట్‌సింక్ కూడా ఉండదు, ఆన్ అవుతాది గానీ కాసేపటికే స్పీడ్ తగ్గించుకుంటాది. పేరు చివర కే ఉన్న ప్రాసెసర్‌కి ఎక్కువ దుడ్లు పెట్టేది ఓవర్‌క్లాక్ (కంపెనీ పెట్టిన స్పీడ్ దాటించి నడిపేది) కోసమైతే దానికి జెడ్ సిరీస్ బోర్డు కావాల, ఓవర్‌క్లాక్ చేయనివాళ్లకి కే ఏమిటికి?

డిస్‌ప్లే సంగతి. ఇంటెల్‌లో ఎఫ్ ఉంటే లోపల గ్రాఫిక్స్ లేదు. ఏఎం4లో రైజెన్ 5600, 5600ఎక్స్ లాంటివాటికీ లేదు, 5600జీ, 5700జీ అని జీ ఉన్నవాటికే ఉంది. ఏఎం5లో 7600 లాంటివాటికి చిన్న గ్రాఫిక్స్ ఉంది, బొమ్మ వచ్చేదానికి సరిపోతాది, 7500ఎఫ్‌కి అది కూడా లేదు. కార్డు తర్వాత కొందాం అనుకునేవాళ్లు జీ తీసుకోవడం మంచిదే గానీ ఒకటి గుర్తుపెట్టుకోండి, 8500జీ ప్రాసెసర్ గ్రాఫిక్స్ స్లాట్‌కి నాలుగు పీసీఐఈ లేన్లే (కార్డుకి డేటా పోయే దారులు) ఇస్తాది, 8600జీ ఎనిమిది ఇస్తాది. రేపు పెద్ద కార్డు వేసే ఆలోచన ఉంటే 8500జీ మీద కట్టుకోవద్దు, గ్రాఫిక్స్ కార్డు లేకుండా కాలేజీ పనులకే అయితే హాయిగా తీసుకోండి.

ర్యామ్

ఏఎం5కి డీడీఆర్5 ఒక్కటే. ఏఎం4కి డీడీఆర్4 ఒక్కటే. ఎల్‌జీఏ 1851కి డీడీఆర్5. గందరగోళమంతా ఎల్‌జీఏ 1700 దగ్గరే, హెచ్610, బీ660, బీ760 అన్నీ రెండు రకాలుగానూ వస్తాయి, చాలావాటికి ఒకే పేరు మీద చివర డీ4 అనో డీడీఆర్4 అనో ఉంటే ఒక రకం, లేకపోతే ఇంకో రకం. ర్యామ్ కింద ఉండే గాటు రెండిట్లో వేరే చోట ఉంటాది, నొక్కితే దిగదు, బలవంతం చేస్తే స్లాట్ విరుగుతాది. కొటేషన్‌లో బోర్డు పేరు సగమే రాసుంటే పూర్తి పేరు రాయించుకోండి.

2025 చివర్లో ర్యామ్ రేట్లు విపరీతంగా పెరిగినాయి, అప్పటి నుంచి పాత పీసీలో ఉన్న డీడీఆర్4 తీసి కొత్తదాంట్లో వాడుకుందాం అని అడిగేవాళ్లు ఎక్కువైనారు. అది మంచి ఆలోచనే. అప్పుడు లిస్టు తలకిందులుగా కట్టాల, ర్యామ్ ముందు, దానికి సరిపోయే బోర్డు తర్వాత, అంటే ఏఎం4 లేకపోతే ఎల్‌జీఏ 1700లో డీడీఆర్4 బోర్డు. ల్యాప్‌టాప్ ర్యామ్ మాత్రం పొట్టిగా ఉంటాది, డెస్క్‌టాప్ స్లాట్లో పట్టదు.

16 జీబీ ఒకటి కన్నా 8 జీబీ రెండు వేస్తే మేలు, లోపలి గ్రాఫిక్స్‌తో ఆడేవాళ్లకైతే తేడా బాగా తెలుస్తాది. నాలుగు స్లాట్లున్న బోర్డులో ప్రాసెసర్ పక్క నుంచి లెక్కపెట్టి రెండోది, నాలుగోది వాడాల. బిగించినాక బయోస్‌లోకి పోయి ఎక్స్ఎంపీ (ర్యామ్‌ని కొన్న స్పీడ్ మీద నడిపే సెట్టింగ్), ఏఎండీ అయితే ఎక్స్‌పో, ఆన్ చేయాల, చేయకపోతే 6000 అని కొన్న ర్యామ్ 4800 మీదే నడుస్తా ఉంటాది, చాలామంది పీసీలు ఏళ్ల తరబడి అట్లే నడుస్తాంటాయి. హెచ్610లో మెమరీ ఓవర్‌క్లాక్ లేదు, డీడీఆర్4 3600 కిట్ వేసినా 3200 దాటదు, కాబట్టి ఆ బోర్డుకి ఖరీదైన ర్యామ్ దండగ. రైజెన్ 7000కి 6000 స్పీడ్ బాగా కుదురుతాది. డీడీఆర్5లో నాలుగు స్టిక్కులు వేస్తే స్పీడ్ పడిపోతాది, మొదటే రెండింటితో సరిపడా తీసుకోండి.

ఎస్ఎస్‌డీ గురించి ఎక్కువ లేదు. బోర్డుకే నేరుగా బిగించే ఎం.2 ఆకారంలోనే, ఎన్వీఎంఈ కన్నా నిదానమైన సాటా ఎస్ఎస్‌డీలు కూడా ఉన్నాయి, మీ స్లాట్ ఏది తీసుకుంటాదో మాన్యువల్‌లో చూడండి. కొన్ని బోర్డుల్లో ఎం.2 వాడితే ఒకట్రెండు సాటా పోర్టులు ఆగిపోతాయి, పాత హార్డ్ డిస్క్ కనపడలేదంటే అది చచ్చిందని కాదు, కేబుల్ పక్క పోర్టుకి మార్చి చూడండి.

ఎస్ఎంపీఎస్ దగ్గర కక్కుర్తి వద్దు

లిస్టులో అందరూ ఆఖర్న రాసేది ఇదే, మిగిలిన దుడ్లతో కొనేది కూడా ఇదే. నా లెక్కలో గ్రాఫిక్స్ కార్డు ఒక మెట్టు దించినా పర్లేదు గానీ దీన్ని దించొద్దు. కేబినెట్‌తో వచ్చేదాని స్టిక్కర్ చూడండి, 12 వోల్ట్ లైన్ మీద ఎన్ని యాంపియర్లో రాసి ఉంటాది, దాన్ని 12తో గుణించండి. 18 యాంపియర్లుంటే 216 వాట్లు, అంతే దాని సత్తా, పైన 450 అని ఎంత పెద్ద అక్షరాలతో రాసినా. ఇప్పటి ప్రాసెసరూ గ్రాఫిక్స్ కార్డూ రెండూ తినేది ఆ 12 వోల్ట్ నుంచే, మంచి 550 వాట్ దాంట్లో ఆ లైనే 540 వాట్ల దాకా ఇస్తాది.

లెక్క ఇట్ల వేయండి. 12400ఎఫ్ ఎక్కువలో ఎక్కువ 117 వాట్లు, ఆర్టీఎక్స్ 4060 115 వాట్లు, బోర్డు, ఎస్ఎస్‌డీ, ఫ్యాన్లు అన్నీ కలిపి ఇంకో 60 వేసుకోండి, మొత్తం 300 లోపలే. అయినా ఎన్విడియా ఆ కార్డుకి 550 వాట్ పెట్టమంటాది, ఎందుకంటే కార్డులు క్షణం సేపు చెప్పినదానికన్నా చాలా ఎక్కువ లాగుతాయి, పైగా ఎప్పుడూ నిండా లోడ్ మీద నడిచే ఎస్ఎంపీఎస్ వేడెక్కి బిన్నా పోతాది. 80 ప్లస్ బ్రాంజ్, గోల్డ్ అని ఉండేది కరెంటు ఎంత వృథా కాకుండా వాడుతుందో చెప్పేదే, లోపల సరుకు మంచిదని సర్టిఫికెట్ కాదు, రివ్యూలు చూసి తీసుకోండి.

మన పక్క ఇంకొకటి చూడాల. స్టిక్కర్ మీద ఇన్‌పుట్ 100–240 వోల్ట్ అనుందా, 200–240 అనుందా? పల్లెల్లో సాయంత్రం మోటార్లు ఆన్ చేసినాక వోల్టేజ్ 180కి దిగే ఇళ్లున్నాయి, రెండో రకం అయితే అప్పుడు పీసీ ఊరికే రీస్టార్ట్ అవుతా ఉంటాది, మీరు విండోస్‌ని తిడతా కూర్చుంటారు. యూపీఎస్ కూడా అంతే, 600 వీఏ అని రాసింది 360 వాట్లే సాధారణంగా, గేమింగ్ పీసీకి మానిటర్‌తో కలిపితే అది చాలదు, కరెంటు పోయిన క్షణంలోనే కట్ అవుతాది. చవక యూపీఎస్‌లు ఇచ్చే కరెంటు నున్నటి సైన్ వేవ్ కాదు, మెట్లు మెట్లుగా ఉంటాది, ఇప్పటి మంచి ఎస్ఎంపీఎస్‌లలో ఉండే యాక్టివ్ పీఎఫ్‌సీ అనే సర్క్యూట్‌కి కొన్నిసార్లు అది పడదు. ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే అది ప్యూర్ సైన్ వేవా కాదా చూసుకోని, వెనక స్విచ్ యూపీఎస్ మోడ్‌లో పెట్టుకోండి. ఇక కేబినెట్ ముట్టుకుంటే జివ్వుమంటా ఉందంటే పీసీ తప్పు కాదు, ప్లగ్గులో ఎర్తింగ్ లేదు, ఎలక్ట్రీషియన్‌ని పిలిపించండి.

కేబుళ్లు. ప్రాసెసర్‌కి పోయే 8 పిన్ 4+4గా విడిపోతాది, గ్రాఫిక్స్‌కి పోయేది 6+2గా విడిపోతాది. చూసేదానికి అన్నదమ్ముల్లా ఉంటాయి గానీ వైరింగ్ తారుమారు, ఒకదాన్ని ఇంకోదాంట్లో బలవంతంగా తోయొద్దు. మాడ్యులర్ (కేబుళ్లు ఊడదీసే రకం) ఎస్ఎంపీఎస్ మార్చినప్పుడు పాతదాని కేబుళ్లు ఉంచుకోని కొత్తదానికి వాడొద్దు, ఎస్ఎంపీఎస్ వైపు చివర ఒకేలా ఉన్నా లోపల పిన్నులు కంపెనీకొక రకం, ఎస్ఎస్‌డీలూ బోర్డులూ కాలేది ఇట్లనే. అట్లే లైటింగ్ సరదా ఉన్నవాళ్లు, ఏఆర్‌జీబీ అంటే 5 వోల్ట్ 3 పిన్, ఆర్‌జీబీ అంటే 12 వోల్ట్ 4 పిన్, 5 వోల్ట్ దాన్ని 12కి తగిలిస్తే లైట్లు మాడిపోతాయి.

కేబినెట్, కూలర్, మన ఎండ

బోర్డు సైజు చూసుకోండి, ఏటీఎక్స్ 305 x 244 మిల్లీమీటర్లు, మైక్రో ఏటీఎక్స్ 244 x 244, పెద్ద కేబినెట్లో చిన్న బోర్డు పడతాది, చిన్నదాంట్లో పెద్దది పట్టదు. కేబినెట్ పేజీలో రెండు కొలతలు చాలు, గ్రాఫిక్స్ కార్డు పొడవు ఎంతవరకు, కూలర్ ఎత్తు ఎంతవరకు. మూడు ఫ్యాన్ల కార్డులు 300 మిల్లీమీటర్లు దాటేవి చాలా ఉన్నాయి, ముందు వైపు వాటర్ కూలింగ్ రేడియేటర్ పెడితే ఆ పొడవులో నుంచి దాని మందం తీసేయాల. డీప్‌కూల్ ఏకే400 లాంటి మామూలు టవర్ కూలరే 155 మిల్లీమీటర్ల ఎత్తు, సన్న కేబినెట్లలో గ్లాసు మూత పడదు.

కూలర్ బిగించే క్లిప్పులూ చూడాల. ఎల్‌జీఏ 1700కి రంధ్రాల దూరం మారింది, 1200 నాటి కూలర్ అయితే కొత్త బ్రాకెట్ తెప్పించుకోవాల. ఏఎం4 కూలర్లు ఏఎం5కి చాలావరకు పడతాయి, బోర్డుతో వచ్చే బ్యాక్‌ప్లేట్ తీసి సొంతది పెట్టే రకాలు మాత్రం పట్టవు. ఇంటెల్ కే సిరీస్‌కీ, రైజెన్ 7600ఎక్స్‌కీ బాక్సులో కూలరే రాదు, 7600కి వస్తాది.

రివ్యూల్లో టెంపరేచర్ చూసి మురిసిపోవద్దు. వాళ్లు ఏసీ రూములో 21, 23 డిగ్రీల్లో టెస్ట్ చేస్తారు, మే నెలలో మన ఇంట్లో ఫ్యాన్ కింద 38 ఉంటాది, రూము ఎంత పెరిగితే లోపల దాదాపు అంతే పెరుగుతాది. వాళ్లకి 75 చూపిస్తే మీరు 90 అనుకోండి. అందుకే ముందు అంతా గ్లాసు ఉండే కేబినెట్ ఫోటోకి బాగుంటాది గానీ మనకి జాలీ ఉన్నదే కావాల, కడిగి పెట్టుకునేట్టు డస్ట్ ఫిల్టర్ ఉండాల, అనంతపురం గాలికి నెల రోజుల్లో ఆ ఫిల్టర్ రంగు మారిపోతాది. గోడలో కడప బండ అరలోకి డబ్బాని దూర్చి మూడు వైపులా మూసేయొద్దు, వెనక జానెడు సందు వదలండి. వాటర్ కూలింగ్ అడిగేవాళ్లకి నా మాట, ఆ దుడ్లతో మంచి ఎయిర్ కూలరూ రెండు ఫ్యాన్లూ వస్తాయి.

గ్రాఫిక్స్ కార్డు ఏ బోర్డులో అయినా పెట్టొచ్చు, నిజమే, కానీ ఆర్ఎక్స్ 6500 ఎక్స్‌టీ నాలుగు లేన్లతోనే వస్తాది, దాన్ని పీసీఐఈ 3.0 మాత్రమే ఉన్న ఏ520 మీదనో, 5600జీ ప్రాసెసర్‌తోనో పెడితే బాగా దెబ్బ తింటాది. 4060, ఆర్ఎక్స్ 6600 లాంటివి ఎనిమిది లేన్లవి, వాటికి అంత నష్టం లేదు. పాత మానిటర్‌కి వీజీఏ ఒక్కటే ఉంటే కొత్త కార్డులకి ఆ పోర్టు ఉండదు, యాక్టివ్ కన్వర్టర్ కొనాల.

ఆఫీసుల నుంచి వచ్చే సెకండ్ హ్యాండ్ బ్రాండెడ్ డెస్క్‌టాప్ కొని కార్డు వేసుకుందాం అనేవాళ్లు ఒకసారి మూత తీసి చూడండి. సన్న డబ్బా అయితే ఎస్ఎంపీఎస్ వాళ్ల సొంత సైజు, బోర్డుకి పోయే కనెక్టర్ కూడా సొంత రకమే చాలావాటిలో, బజారులో దొరికే ఏటీఎక్స్ దాన్ని అందులో పెట్టలేరు, కార్డు కూడా పొట్టి లో ప్రొఫైల్ రకమే పడతాది. ప్రాసెసర్ 6వ, 7వ జెనరేషన్ అయితే విండోస్ 11 లిస్టులో లేదు, విండోస్ 10కి సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ఆగింది, రేటు మాట్లాడేటప్పుడు ఆ మాట కూడా ఎత్తండి.

ఇవన్నీ అయినాక లిస్టుని పీసీపార్ట్‌పికర్ సైట్లో ఇండియా సెలెక్ట్ చేసి ఎక్కించండి, సాకెట్, ర్యామ్ రకం, పొడవులు అది పట్టేస్తాది, నోట్ ఏదైనా చూపిస్తే దాటేయకుండా చదవండి, బయోస్ సంగతి అక్కడే ఉంటాది. మన దగ్గర దొరికే కొన్ని చవక మోడళ్లు అందులో ఉండవు, వాటికి బోర్డు కంపెనీ పేజీయే దిక్కు.

అంగట్లో అన్నీ ఒకే చోట కొంటే ఒక మేలుంది, బోర్డు, ప్రాసెసర్, ర్యామ్, ఎస్ఎంపీఎస్ నాలుగూ కౌంటర్ మీదే కలిపి డిస్‌ప్లే చూపించమని అడగొచ్చు. ఇంటెల్ అయినా ఏఎం5 అయినా పిన్నులు బోర్డు సాకెట్లోనే ఉంటాయి, ప్రాసెసర్ పెట్టకముందే ఫోన్ లైట్ వేసి వంగినవి ఉన్నాయేమో చూడండి, ఫోటో తీసుకోండి, ఇంటికొచ్చినాక వంగినాయంటే వారంటీలో ఎవరూ ఒప్పుకోరు. ఏఎం5 మొదటిసారి ఆన్ చేసినప్పుడు ర్యామ్‌ని ట్రైన్ చేసుకుంటా నిమిషాల తరబడి నల్ల స్క్రీన్ చూపిస్తాది, కంగారుపడి స్విచ్ తీయకండి, అంగడాయన తీస్తానన్నా ఆపండి. బయోస్ స్క్రీన్‌లో ప్రాసెసర్ పేరు, ర్యామ్ సైజు, ఎస్ఎస్‌డీ మూడూ కనపడినాక, ప్రతి పార్టు సీరియల్ నంబర్ బిల్లులో పడినాక దుడ్లు కట్టండి. బాక్సులు పారేయకండి, వారంటీకి పంపాలంటే అవే కావాల, గ్రాఫిక్స్ కార్డుని మాత్రం బస్సులో పీసీకి బిగించి తీసుకురావద్దు, విప్పి దాని బాక్సులోనే పెట్టి చేతిలో పట్టుకోండి.